రేవు పిల్లులు: ఆపరేషన్లు అయ్యాక కూడా సంఖ్య తగ్గని ఒక కేసు

ఏజియన్ సముద్రంలోని సిక్లడీస్ దీవుల్లో ఒక చిన్న దీవి. అక్కడ చేపల పడవలు ఆగే ఒక రేవు చుట్టూ బతికే పిల్లుల గురించి ఈ కేసు. దీవి పేరు, రేవు పేరు, మనుషుల ఆనవాళ్లు తీసేశాను. కొందరి వృత్తులు కూడా మార్చాను. పిల్లుల సంఖ్యలు సుమారుగానే ఇస్తున్నాను.

దీన్ని రాయడానికి కారణం ఉంది. ఇక్కడ మూడేళ్లు వరసగా స్టెరిలైజేషన్ క్యాంపులు జరిగాయి. డాక్టర్లు చేయి తిరిగినవాళ్లు, మందులు మంచివి, విరాళాలకూ పెద్దగా కొరత లేదు. అయినా ఏటా సెప్టెంబరు వచ్చేసరికి రేవులో అన్నే పిల్లులు, అవే పుసులు కట్టిన కళ్లతో కూనలు. ఆపరేషన్ బల్ల దగ్గర లోపమేమీ లేదు. మరి ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది.

నేను హైదరాబాదులో వీధికుక్కల ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్, అంటే జంతువుల సంతాన నియంత్రణ) కార్యక్రమంలో పనిచేసి, తర్వాత ఇదే రంగంలో యూరప్ వచ్చాను. గ్రీసులో ప్రాక్టీసు లైసెన్సు నాకు లేదు కాబట్టి కత్తి పట్టినవాళ్లు అక్కడి డాక్టర్లే. నాది ఫీల్డు పని: లెక్క పెట్టడం, పట్టడం, మత్తు దిగేదాకా చూసుకోవడం, తిరిగి వదలడం, అన్నిటికంటే ఎక్కువగా మనుషులతో మాట్లాడటం.

నేపథ్యం

రేవు నెలవంకలా వంగి ఉంటుంది. ఒక కొసన పడవలు బాగుచేసే పాత యార్డు, మధ్యలో ఐదు టావెర్నాలు (చిన్న భోజనశాలలు), ఒక కఫెనీయో (మగవాళ్లు పొద్దంతా కాఫీ ముందు పెట్టుకుని కూర్చునే చోటు), ఇంకో కొసన వలలు పెట్టుకునే గదులు. ఈస్టర్ నుంచి అక్టోబరు చివరిదాకా టావెర్నాల బల్లలు నీళ్ల అంచుదాకా వస్తాయి. అక్టోబరు 28 జాతీయ సెలవు దాటిందంటే ఒక్కొక్కటిగా కుర్చీలు పేర్చి తాళాలు వేసుకుంటాయి. ఆగస్టులో ఒక్కో పిల్లికి పదిమంది చేపముక్కలు విసిరే చోట, డిసెంబరులో గట్టు మీద మనిషే కనపడడు. ఈ ఎగుడుదిగుడు అర్థం కాకపోతే ఇక్కడి పిల్లుల కథ అర్థం కాదు. వేసవి తిండి కూనల్ని పుట్టిస్తుంది, చలికాలపు ఆకలి చాలా వాటిని చంపేస్తుంది, మిగిలినవి మళ్లీ ఈనుతాయి.

దీవిలో పశువైద్యుడు లేడు. పక్కనున్న పెద్ద దీవి నుంచి ఫెర్రీలో రావాలి. జులై, ఆగస్టుల్లో మెల్తెమి అనే ఉత్తరపు గాలి, చలికాలంలో తుఫాను గాలులు. గాలి ఒక హద్దు దాటితే పోర్టు అధికారులు ఫెర్రీలు ఆపేస్తారు. డాక్టరు రావడం, మత్తుమందులు రావడం, తిండి బస్తాలు రావడం అన్నీ ఆ గాలి చేతిలోనే ఉంటాయి.

చట్టం విషయానికొస్తే గ్రీసులో 2021లో వచ్చిన 4830 నంబరు చట్టం ప్రకారం వీధి జంతువుల బాధ్యత మునిసిపాలిటీది. ఆపరేషన్ చేయించాలి, చిప్ వేయించాలి, పిల్లిని తిరిగి దాని చోటే వదలాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లిని అడ్డం తొలగించుకోవడానికి చంపే వీల్లేదు. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నా, చిన్న దీవి మునిసిపాలిటీలో దీనికోసం ప్రత్యేకంగా ఉద్యోగి ఉండడు. చెత్త బండ్లు, నీటి పంపులు చూసే మనిషే పిల్లుల ఫైలూ చూస్తాడు.

మా ముందుకు వచ్చిన సమస్య

మమ్మల్ని పిలిచింది మునిసిపాలిటీ. ఫిర్యాదు చేసింది టావెర్నా యజమానులు. బల్లలెక్కుతున్నాయి, పూలకుండీల్లో మలవిసర్జన చేస్తున్నాయి, రాత్రుళ్లు గండుపిల్లుల కొట్లాట, గోడలకు ఉచ్చ కంపు. దీవిలో స్థిరపడిన కొందరు విదేశీ స్వచ్ఛంద కార్యకర్తలది ఇంకో బాధ. ప్రతి శరత్తులోనూ కూనలు జలుబు చేసి, కళ్లు మూసుకుపోయి, వాళ్ల చేతుల్లోనే చనిపోతున్నాయి. హెర్పిస్, కాలిసి వైరస్‌లు కలిసి చేసే ఈ రోగం పెద్ద పిల్లిలో తుమ్ములతో పోతుంది, నాలుగు వారాల కూనలో చూపే తీసేయొచ్చు.

ఈ రెండు పక్షాలకూ తోడు ఎవరూ గట్టిగా అనని భయం ఒకటుంది: ఫోలా. పురుగుమందు కలిపిన మాంసం ముక్కను గ్రీకులు ఫోలా అంటారు. జంతువులను ఇలా చంపడం 2020 చివర్లో వచ్చిన చట్ట సవరణతో పదేళ్ల దాకా జైలు పడే నేరమైంది. అయినా ఆగలేదు. పిల్లుల మీద విసుగు పెరిగే కొద్దీ ఆ ముక్క ఏదో ఒక రాత్రి గట్టు మీదికి వస్తుందని అందరికీ తెలుసు. అందువల్ల మాకు టైము తక్కువ. కూనల సంఖ్య తగ్గించడం ఎంత ముఖ్యమో, ఊరి విసుగు తగ్గించడం అంతే ముఖ్యం. మొదటి దానికి ఏడాది పడుతుంది, రెండోదానికి కొన్ని వారాల్లోనే ఏదైనా చేసి చూపించాలి.

అంతకుముందు చేసినవి

మేం రాకముందు మూడు పనులు జరిగాయి. మూడింటికీ ఉద్దేశం మంచిదే, అందుకే ఒక్కోటీ ఎందుకు పనిచేయలేదో విడిగా చూశాం.

చాలా ఏళ్ల కిందట, కొత్త చట్టం రాకముందు, కొన్ని పిల్లుల్ని బండిలో ఎక్కించి దీవి అవతలి వైపు చెత్తకుప్ప దగ్గర వదిలి వచ్చారు. కొన్ని నడుచుకుంటూ తిరిగొచ్చాయి, కొన్ని చనిపోయాయి. తిండి ఉన్న చోటు ఖాళీగా ఉండదు కాబట్టి ఏడాది తిరిగేలోపు రేవు మళ్లీ నిండింది. సంఖ్య పరంగా దీని ప్రభావం సున్నా. మనుషుల మీద మాత్రం బాగా పడింది, అదెంతో మాకు ఆలస్యంగా తెలిసింది.

రెండోది మే నెల క్యాంపులు. డాక్టర్లు, వాలంటీర్లు సెలవు పెట్టుకుని రాగలిగే నెల అది. కానీ పిల్లి ఎదకు రావడం పగటి వెలుతురును బట్టి ఉంటుంది. డిసెంబరు చివర నుంచి పగలు పెరగడం మొదలవుతుంది, జనవరి, ఫిబ్రవరిలో ఆడపిల్లులు ఎదకు వస్తాయి, చూలు తొమ్మిది వారాలు. అంటే మే నాటికి మొదటి ఈత అయిపోయి, కొన్ని పాలిస్తూ, కొన్ని అప్పటికే మళ్లీ చూలుతో ఉంటాయి. పాలిచ్చే తల్లిని బోనులో ఎక్కువసేపు ఉంచితే ఎక్కడో పడవ కింద దాచిన కూనలు ఆకలికి చస్తాయి. ఆ భయంతో వాలంటీర్లు పొదుగు దిగిన ఆడపిల్లి కనిపిస్తే వదిలేసేవాళ్లు. వాళ్ల జాలి న్యాయమైనదే. ఫలితం మాత్రం ఏమైందంటే, చేతికి మాలిమైన గండుపిల్లులకూ బల్లల దగ్గర తిరిగే పిల్లులకూ ఆపరేషన్లు జరిగాయి, ఈనే పిల్లులు మిగిలిపోయాయి. ఒక గండుపిల్లి మిగిలినా పది ఆడపిల్లులకు సరిపోతుంది. కాబట్టి ఆపరేషన్లు ఎన్ని అని కాకుండా, ఆపరేషన్ కాని ఆడపిల్లులు ఎన్ని అని అడగాలి. ఆ ప్రశ్న ఏ క్యాంపు రిపోర్టులోనూ లేదు.

మూడోది కూనల్ని జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి దేశాలకు దత్తతకు పంపడం. ఒక్కో కూనకు అది కొత్త జన్మే, కాదనను. అయితే యూరప్ నిబంధనల ప్రకారం పన్నెండు వారాలు నిండితేగానీ రేబిస్ టీకా వేయకూడదు, ఆ తర్వాత 21 రోజులు ఆగాలి. అంటే ప్రతి కూననూ పదిహేను వారాల వయసుదాకా ఎవరింట్లోనో ఉంచాలి. వాలంటీర్ల ఇళ్లు కూనలతో నిండిపోయాయి. ఒక ఏడాది పాన్‌ల్యూకోపీనియా అనే ప్రాణాంతకమైన వైరస్ రోగం వచ్చి ఒక ఇంట్లో కూనలన్నీ పోయాయి. ఆ వైరస్ ఇంట్లో నెలల తరబడి బతుకుతుంది, బ్లీచింగు లాంటి గట్టి మందుకు తప్ప చావదు. ఈ పనిలో పడి వాళ్లకు రేవులో బోను పెట్టే ఓపిక మిగల్లేదు.

లెక్క, పటం

మొదటి నిర్ణయం: కొన్నాళ్లు ఒక్క పిల్లినీ పట్టకూడదు. దీనికి వాలంటీర్లు ఒప్పుకోవడానికి చాలా కష్టమైంది. చేతిలో బోనులున్నాయి, డాక్టరు ఫోనులో సిద్ధంగా ఉన్నాడు, ఇంకా ఆగడమేంటి అన్నారు. నా వాదన ఒక్కటే. మనకు రేవులో ఎన్ని పిల్లులున్నాయో తెలియదు, అందులో ఆడవి ఎన్నో తెలియదు. అలాంటప్పుడు ఇంకో ఇరవై ఆపరేషన్లు చేస్తే అవి సరైన ఇరవయ్యో కాదో కూడా తెలియదు.

తెల్లవారుజామున, సాయంత్రం ఫోటోలు తీస్తూ తిరిగాం. ఒంటి మచ్చలు, తోక, చెవి. ఆపరేషన్ అయిన పిల్లికి మత్తులో ఉండగానే ఎడమ చెవి కొన సుమారు సెంటీమీటరు మేర అడ్డంగా కత్తిరిస్తారు. దూరం నుంచే తెలిసిపోతుంది. మన దగ్గర ఏబీసీ కుక్కలకు చెవిలో వి ఆకారపు కోత పెట్టడం లాంటిదే. కానీ పిల్లుల్లో కొట్లాటలకు చెవులు చిరగడం మామూలు కాబట్టి తిన్నని అడ్డకోతే నయం.

పిల్లుల జాబితాతో పాటు ఇంకో జాబితా మొదలుపెట్టాం: ఎవరు పెడుతున్నారు, ఏం పెడుతున్నారు, ఎన్ని గంటలకు, ఎక్కడ. రేవు పటం మీద ఒక్కో గిన్నెకు ఒక్కో చుక్క. పరమ పిసినారిని మన దగ్గర పిల్లికి కూడా బిచ్చం పెట్టడంటారు. ఈ రేవులో అందరూ పెట్టేవాళ్లే, చిక్కంతా అక్కడే వచ్చింది. జాలర్లు వల దులిపినప్పుడు చిన్న చేపలు పారేస్తారు. కఫెనీయో వెనక రొట్టె, ఎముకలు. వాలంటీర్లు రెండు చోట్ల పొడి మేత. పర్యాటకులు ఎక్కడబడితే అక్కడ. అందరికంటే గట్టిగా ఫిర్యాదు చేసిన టావెర్నా యజమాని వంటగది వెనక తలుపు దగ్గర రాత్రి పన్నెండు దాటాక ఒక పెద్ద పళ్లెం పెడతాడని అక్కడ గిన్నెలు తోమే కుర్రాడు చెప్పాడు. ఆ సంగతి మాకు తెలుసని ఆయనకు చెప్పలేదు. సమయం వచ్చినప్పుడు ఆయనే చెబుతాడనుకున్నాం.

పటం పూర్తయ్యేసరికి రెండు విషయాలు బయటపడ్డాయి.

ఒకటి, రోజులో ఏ గంటలోనూ ఈ పిల్లులు నిజంగా ఆకలితో లేవు, కనీసం సీజనులో. బోనుకు మూలం ఆకలి. నిండు కడుపుతో ఉన్న పిల్లి, అందులోనూ ఒకసారి బోను తలుపు చప్పుడు విన్న పిల్లి, సార్డిన్ చేప పెట్టినా లోపలికి రాదు.

రెండోదే అసలు సంగతి. మేం ఫోటోలు తీసిన నలభై పైచిలుకు పిల్లుల్లో సగానికి పైగా చెవి కోసినవే. కోయనివాటిలో ఎక్కువ భాగం ఆడవి, అవి దాదాపు అన్నీ తెల్లవారుజామున పడవల యార్డు వైపు నుంచే వస్తున్నాయి. ఆ వైపు పటం మీద ఒక్క చుక్కా లేదు. ఎవరినడిగినా అక్కడ ఎవరూ పెట్టరన్నారు. ఒక రోజు చీకటితోనే వెళ్లి చూస్తే, డెబ్బై దాటిన ఒక పెద్దావిడ యార్డు గోడ వెనక ఒక్కో పిల్లినీ పేరు పెట్టి పిలుస్తూ పాస్తా, చేప కలిపి పెడుతోంది.

పెద్దావిడ

ఆ రోజు పలకరించకుండా తిరిగి వచ్చేశాం. చీకట్లో దాక్కుని పెట్టే మనిషి ముందుకు కెమెరాలతో నలుగురం వెళితే మర్నాటి నుంచి చోటు మార్చేస్తుంది. ఎవరి ద్వారా వెళ్లాలన్నది మా రెండో నిర్ణయం. విదేశీ వాలంటీర్లతో ఆమెకు మాటల్లేవు. మునిసిపాలిటీ మనిషంటే భయం. ఆమె చర్చికి వెళ్లే దారిలో రొట్టెల కొట్టు ఉంది, ఆ కొట్టు ఆవిడ ఆమెకు దూరపు బంధువు. ఆవిడతో రెండు మూడు సార్లు కాఫీ తాగాక, తనే మమ్మల్ని వెంటబెట్టుకుని ఆమె ఇంటికి తీసుకెళ్లింది.

పెద్దావిడ చెప్పింది విన్నాక మూడేళ్ల క్యాంపుల లెక్క అర్థమైంది. చెత్తకుప్ప దగ్గరికి తీసుకెళ్లిన ఆ బండిలో ఆమె పిల్లులూ ఉన్నాయి. “ఆపరేషన్ అన్నారు, మందు అన్నారు, ఒక్కటీ తిరిగి రాలేదు” అంది. నిజానికి ఆ బండికీ తర్వాతి క్యాంపులకూ సంబంధం లేదు. ఆమెకు మాత్రం అందరూ పిల్లుల్ని తీసుకెళ్లేవాళ్లే. అందుకే క్యాంపు వాళ్లు ఊళ్లోకి దిగారని తెలియగానే ముందు రాత్రే రెండింతలు తిండి పెట్టేది. బోనుల దగ్గరికి వెళ్లకుండా ఆమె కనిపెట్టిన ఉపాయం అది. మూడేళ్లూ పనిచేసింది.

ఇక్కడ మా బృందంలో అభిప్రాయ భేదం వచ్చింది. ఆమె పెట్టడం ఆపితే తప్ప లాభం లేదు, మునిసిపాలిటీ చేత నోటీసు ఇప్పిద్దాం అని ఒక వాదన. నేను వద్దన్నాను. దేశంలో ఇంకెవరికీ లేని సమాచారం ఆమె దగ్గర ఉంది. ఏ పిల్లి ఎప్పుడు ఈనింది, ఏది దేని కూతురు, కూనల్ని ఎక్కడ దాస్తుంది, ఏది రెండు రోజులుగా తిండి ముట్టడం లేదు. నోటీసు ఇస్తే తిండి ఆగదు, ఇంకా చీకటి మూలకు పోతుంది, ఆ సమాచారం కూడా దాంతోపాటే పోతుంది. చివరికి ఆమెకు ఒకే ఒక్క మాట ఇచ్చాం: మీ పిల్లుల్లో దేన్ని పట్టినా బోను తలుపు మళ్లీ తెరిచేది మీ చేతే, ఇదే గోడ వెనక.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. ముందు ఒక్కదాన్ని తీసుకెళ్లి చూపించండి అంది. అన్నిటికంటే చెడ్డదాన్ని, ఆమె మాటల్లో “ఎవడికీ లొంగని రాక్షసి”ని, ఎంచి ఇచ్చింది. పరీక్ష మాకని అర్థమైంది. దాన్ని పట్టి, ఆపరేషన్ చేయించి, మర్నాడు ఆమె చేత వదిలించాం. ఆ సాయంత్రం అది తిండికి వచ్చిందని రొట్టెల కొట్టు ద్వారా కబురు పంపింది.

ఫలించనివి

అన్నీ ఇలా కలిసి రాలేదు. టావెర్నాల బల్లల మీద “పిల్లులకు తిండి పెట్టకండి” అని బోర్డులు పెట్టించాం. పర్యాటకుడు బోర్డు చదివి, వెయిటర్ అటు తిరగ్గానే చేపతల కిందికి జారవిడుస్తాడు. వద్దనడమే గాని ఏం చేయాలో చెప్పని బోర్డు అది. తర్వాత మాట మార్చాం: ఈ పిల్లులు రోజూ సాయంత్రం గట్టు చివర తింటాయి, సాయం చేయాలనుంటే ఇదిగో డబ్బా అని. డబ్బాలో డబ్బులు పడ్డాయి, నేల మీద చేపతలలు తగ్గాయి. పూర్తిగా మాత్రం ఆగలేదు.

మునిసిపాలిటీ హాల్లో బహిరంగ సమావేశం పెట్టడం కూడా ఫలించలేదు. అందరూ ఉన్న చోట ప్రతివాడూ తన పక్షం గెలవాలనే మాట్లాడతాడు. పిల్లులకు దొంగచాటుగా పెడుతున్న టావెర్నా యజమానే అక్కడ లేచి అందరికంటే గట్టిగా అరిచాడు. ఆ తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ విడివిడిగా వెళ్లాం.

ఈ మధ్యలోనే మేం భయపడింది జరిగింది. ఒక ఉదయం వలల గదుల దగ్గర రెండు పిల్లులు చొంగ కారుస్తూ, ఒళ్లు వణుకుతూ, కంటిపాపలు చుక్కల్లా చిన్నబోయి కనిపించాయి. కార్బమేట్ తరహా పురుగుమందుకు సరిపోయే లక్షణాలు. ఒకటి చనిపోయింది, రెండోదానికి డాక్టరు ఫోనులో చెప్పగా దగ్గర్లో ఉన్న నర్సు విరుగుడుగా అట్రోపిన్ ఇచ్చింది, బతికింది. కళేబరాన్నీ, దొరికిన మాంసం ముక్కనీ గ్లౌజులతో తీసి, ఫ్రీజరులో పెట్టి, పోలీసులకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాం. ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెడదామని వాలంటీర్లు పట్టుబట్టారు. వద్దనడానికి నాకున్న కారణం: దీవి చిన్నది, పేరు చెప్పకపోయినా అందరూ ఒకే మనిషిని అనుకుంటారు, అతను కాకపోతే ఒక కుటుంబం నాశనమవుతుంది, అతనే అయితే ఇంకా మొండికేస్తాడు. దాని బదులు కఫెనీయోలో పెద్దవాళ్లకు చెప్పాం. చనిపోయిన పిల్లి దగ్గరికి ఆ ఉదయమే ఒక చిన్నపిల్లాడు వెళ్లబోయాడన్న సంగతి కూడా చెప్పాం. అది నిజం, కల్పించి చెప్పింది కాదు. ఆ తర్వాత మేం ఉన్నంతకాలం మళ్లీ ఫోలా కనిపించలేదు. ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో మాకు తెలియదు, అడగలేదు కూడా.

పనిచేసినవి

నవంబరులో పట్టడం మొదలుపెట్టాం. గ్రీకు పల్లెల్లో జనవరిని పిల్లుల నెల అంటారు, ఎదకు వచ్చే కాలమని జాలర్లకు ఎప్పటి నుంచో తెలుసు. దానికి ముందే ఆడపిల్లుల ఆపరేషన్లు అయిపోవాలి. నవంబరులో కూనలు పెరిగి ఉంటాయి, చూలు పిల్లులు దాదాపు ఉండవు, టావెర్నాలు మూతపడి ఆకలి మొదలవుతుంది, బల్లలు అడ్డం ఉండవు. కష్టం ఒక్కటే, ఫెర్రీ. అందుకే డాక్టర్ల రాకకు ఒక్క తేదీ పెట్టుకోకుండా, గాలి తగ్గిన రోజుల్లో కబురు పెడితే వచ్చేలా ఏర్పాటు చేసుకున్నాం. జనవరిలో హాల్సియన్ రోజులని గాలి నిలిచి ఎండ కాసే రోజులు కొన్ని వస్తాయి, చివరి విడత వాటిలో పూర్తయింది.

పట్టడానికి ముందు గిన్నెల్ని కలిపాం. అన్ని చుక్కల్నీ రెండు చోట్లకు తెచ్చాం: వలల గదుల వెనక ఒకటి, యార్డు గోడ వెనక పెద్దావిడది ఒకటి. రోజుకు ఒకే పూట, ఒకే గంట. బోనుల్ని తలుపులు తెరిచి కట్టేసి, తిండి వాటి లోపలే పెట్టడం అలవాటు చేశాం. వారం దాటేసరికి పిల్లులు బోనులో కూర్చుని తింటూ మా వైపు చూడటం కూడా మానేశాయి. అసలు రోజున ముందు పూట తిండి ఆపాలి. ఇది పెద్దావిడ చేతిలో పని, ఆమె ఆపింది. మూడేళ్ల క్యాంపుల్లో ముఖ్యంగా లేనిది ఈ ఉపవాసమే.

మత్తుకు డెక్స్‌మెడెటోమిడిన్, కెటమిన్, బ్యూటార్ఫనాల్ కలిపిన ఇంజెక్షన్, లోపల కరిగిపోయే కుట్లు, నొప్పికి మెలాక్సికామ్. మూతపడ్డ ఒక టావెర్నా భోజనశాలే వార్డు. ఇవ్వడానికి ముందుకొచ్చింది ఎవరో ఊహించే ఉంటారు. చలికాలంలో మత్తులో ఉన్న పిల్లి ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, అదే పెద్ద ప్రమాదం. ఆయన వంటగదిలో వేడినీళ్ల సీసాలు నింపి గుడ్డలు చుట్టి ఇస్తూ కూర్చున్నాడు. రెండో రాత్రి ఆ పళ్లెం సంగతి ఆయనే చెప్పాడు.

తెల్లపిల్లుల గురించి ఒక మాట. ఇక్కడి ఎండకు తెల్లటి చెవుల మీద పుండ్లు పడి అవి క్యాన్సరుగా మారతాయి. అలాంటి వాటికి ఆపరేషన్‌తో పాటే రెండు చెవులూ కత్తిరించాల్సి వచ్చింది. తర్వాత వచ్చేవాళ్లు తికమక పడకుండా వాటి ఫోటోలు విడిగా ఫైల్లో పెట్టాం.

చివరకు నాలుగైదు ఆడపిల్లులు మిగిలాయి, అన్నీ పెట్టె బోనును ఎరిగినవే. చాలా క్యాంపులు ఇక్కడే ఆగిపోతాయి. ఎనభై శాతం అయింది కదా అని సంతోషపడి ఫోటో దిగుతారు. కానీ ఆ నాలుగు ఏడాదికి రెండేసి ఈతలు ఈనితే వచ్చే కూనలు మిగతా శ్రమనంతా మింగేస్తాయి. వీటికి కర్ర మీద నిలబెట్టి తాడు లాగితే పైనుంచి పడే పెద్ద జాలీ పెట్టె వాడాం. లోపల చోటెక్కువ, తలుపు లేదు, కాబట్టి అనుమానం తక్కువ. దేన్ని పట్టాలో మనం ఎంచుకోవచ్చు. తాడు పట్టుకుని కూర్చుంది మేమే అయినా, ఇప్పుడు లాగండి అని చెప్పింది పెద్దావిడ.

చలికాలపు తిండి లెక్క కాగితం మీద వేసి యజమానుల దగ్గరికి వెళ్లాం. ఒక పిల్లికి రోజుకు 60 గ్రాముల పొడి మేత, నలభై పిల్లులకు నెలకు 72 కిలోలు. ఐదు టావెర్నాలు నెలకు తలా ఒక 15 కిలోల బస్తా ఇస్తే సరిపోతుంది. పిల్లులపై దయ చూపమని అడిగితే వాదన మొదలయ్యేది, ఒక్క బస్తా అనేసరికి ఒప్పుకున్నారు. వేసవికి ఇంకో ఏర్పాటు: బల్లలు నిండకముందే, సాయంత్రం ఆరింటికి, గట్టు చివర మేత. అక్కడివాళ్లు రాత్రి భోజనం బాగా ఆలస్యంగా చేస్తారు కాబట్టి, కస్టమర్లు వచ్చేసరికి పిల్లులు తిని పడుకుని ఉంటాయి. కుండీల గొడవకు వలల గదుల వెనక ఇసుక పోయించాం. ఆపరేషన్ అయిన గండుపిల్లుల ఉచ్చ కంపు కొన్ని వారాల్లో తగ్గింది. ఊరివాళ్లకు అన్నిటికంటే ముందు తెలిసిన మార్పు అదే, మునిసిపాలిటీకి ఫోన్లు అప్పటి నుంచే తగ్గాయి.

ఆ తర్వాతి వేసవిలో రేవులో పుట్టిన కూనలు ఒకే ఒక్క ఈతవి. పెద్ద పిల్లుల సంఖ్య వెంటనే పెద్దగా పడిపోలేదు, పడిపోకూడదు కూడా. ఉన్నవి తమ చోటు కాపాడుకుంటాయి, ఏళ్ల మీద వయసు మీరి తగ్గుతాయి. ఈ మాట మునిసిపాలిటీకి మొదట్లోనే రాసి ఇచ్చాం, లేకపోతే ఆరు నెలలకే “తగ్గలేదే” అని మళ్లీ బండి మాట ఎత్తుతారు.

ఈ కేసు చదివే మనవాళ్లకు

ఏ కాలనీలోనైనా పని మొదలుపెట్టేటప్పుడు పిల్లుల జాబితా కంటే ముందు గిన్నెల జాబితా రాయమంటాను. పటంలో చుక్కలేని చోటు కనిపిస్తే అక్కడ ఎవరూ పెట్టడం లేదని కాక, మనతో మాట్లాడని మనిషి ఎవరో ఉన్నారని అనుకోవాలి. మన నగరాల్లో అపార్టుమెంట్ల చుట్టూ వీధి జంతువులకు తిండి పెట్టేవాళ్లకూ అసోసియేషన్లకూ జరిగే గొడవల్లో కూడా, 2023 ఏబీసీ నిబంధనలు తిండి పెట్టే చోటు, వేళ ముందుగా తేల్చుకోమంటున్నాయి. అది గొడవ సర్దడానికి పెట్టిన నియమంలా కనిపిస్తుంది. పట్టే పనికి కూడా మొదటి మెట్టు అదే.

క్యాంపు నెలను డాక్టర్ల సెలవుల్ని బట్టి పెట్టకండి. మన దగ్గర గ్రీసు అంత చలీ లేదు, పగటి తేడా తక్కువ, పిల్లులు దాదాపు ఏడాది పొడుగునా ఎదకు వస్తాయి. కాబట్టి నవంబరు అనే నెలను ఎత్తి ఇక్కడ పెట్టడం కుదరదు. మీ వీధిలో కూనలు ఏ నెలల్లో ఎక్కువ కనిపిస్తాయో పెట్టేవాళ్లనే అడిగి, దానికి మూడు నాలుగు నెలల ముందు మొదలుపెట్టండి.

ఇక తేలని సంగతి ఒకటుంది. ఈ రేవులో పిల్లుల్ని బాగా చూస్తారన్న పేరు దీవంతా పాకింది. సెప్టెంబరు చివర్లో, విల్లాలు మూసేసేటప్పుడు, ఎవరో అట్టపెట్టెలో కూనల్ని తెచ్చి గట్టు మీద పెట్టి వెళుతున్నారు. కెమెరా పెడదామని ఒక ప్రతిపాదన వచ్చింది. పెట్టెలు ఇంకో రేవుకు పోతాయి తప్ప ఆగవని నా అనుమానం. ప్రస్తుతానికి విల్లాలు శుభ్రం చేసే ఆడవాళ్లతో మాట్లాడుతున్నాం. తాళాలు వాళ్ల చేతిలో ఉంటాయి, ఏ ఇంట్లో వేసవి మొత్తం ఏ పిల్లికి పాలు పోశారో వాళ్లకు తెలుసు. వచ్చే ఆగస్టు లోపల ఆ ఇళ్ల పిల్లులకు ఆపరేషన్లు చేయించడానికి మునిసిపాలిటీ ఒప్పుకుంది. డబ్బు ఎవరిదన్న దగ్గర విల్లా యజమానుల సంఘంతో మాటలు ఇంకా నడుస్తున్నాయి.